చిక్కం కట్టిన జీపు

దొంగ అన్న మాట జీపు డ్రైవరు కొల్లప్ప ముఖాన ఎవరూ అనలేదు. అనివుంటే ఆయన తిరగబడి నాలుగు తిట్లు తిట్టేవాడు, అంతటితో పోయేది. అంజినమ్మ చేసింది అంతకంటే ఘోరం. వల్లూరు సోలారు కరెంటు పార్కు గేటు బయట, తెల్లారి పనికి ఎక్కబోయే ముందు, జీపు డీజిల్ ట్యాంకు మూతకు పసుపుదారం చుట్టి, ముడి మీద ఇంత బంకమట్టి పెట్టి బొటనవేలితో ఒత్తింది. తనతోపాటు పానెళ్లు కడిగే ఆడవాళ్లందరూ వైపర్లు చేతపట్టుకుని చూస్తుండగానే ఒత్తింది.

"ఏందమ్మా అది?" అన్నాడు కొల్లప్ప, చక్రం కింద అడ్డం పెట్టిన రాయిని తీస్తూ.

"ఏం ల్యా అన్నా. మూత లూజుగా ఉండాదని."

మూత లూజుగా లేదు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. కొల్లప్ప ఆ మట్టిముద్ర వంక ఒకసారి చూసి, రాయిని పక్కన పెట్టి, చేతులు దులుపుకుని పోయి సీట్లో కూర్చున్నాడు. ఆయన వెనకాల నీళ్ల ట్యాంకరు, ముందర ఎర్రమట్టి దారి. ఏమీ జరగనట్టే తాళం తిప్పాడు.

సవితకు తల కొట్టేసినట్టయింది. ఆ గుంపుకు ఆమె మేస్త్రీ. కొల్లప్ప ఆమె మొగుడికి స్వయానా చిన్నాన్న. ఒక్క మాట అంటే అంజినమ్మ ఆగేదే. కానీ సవిత ఆ మాట అనలేదు. ముందురోజు సూపర్వైజరు నందీశ్ తనను పక్కకు పిలిచి చెప్పిన మాట లోపల ముల్లులా గుచ్చుతోంది.

"సవితక్కా, సోమవారం నుంచి నీళ్లకు ట్రాక్టర్ పిలిపిస్తా," అన్నాడు నందీశ్. "మీ జీపు మిట్ట బ్లాకు ఎక్కడం ల్యా. ఇచ్చిన డీజిల్ మజ్జానం దాకా రావడం ల్యా. ట్రాక్టర్లు ఇంతే డీజిల్‌తో పొద్దుగూకులూ తిరుగుతాండాయి. కడిగే పని మీకే ఉంటాది, దాని గురించి భయపడొద్దు. డ్రైవరు మాత్రం వద్దంటాండారు పైన. ఎందుకంటాండారో నా నోటితో సెప్పించొద్దు."

నందీశ్ చెడ్డవాడు కాడు. పైవాళ్ల దగ్గర మాటలు పడి పడి, వాటిని సగం మింగి సగం కిందికి చెప్పే మనిషి. అందుకే అతని మీద కోపం కూడా తెచ్చుకోలేకపోయింది. ఆడవాళ్ల పని పోదు. పోయేది ఒక్క మనిషి, అదీ దొంగ అన్న పేరు మోసుకుని. ఆ మాట చిన్నమామకు చెప్పాల్సింది తను.

ఆ రోజు ఆమె ఆడవాళ్లతో నడవకుండా జీపులో కొల్లప్ప పక్కన కూర్చుంది. ఎందుకు కూర్చుందో ఆయనకు తెలుసు. తెలిసినట్టు కూడా తెలియనివ్వలేదు.

ఒకప్పుడు గొర్రెల వెంబడి నడిచిన మనిషి కొల్లప్ప. మందను తోలినట్టే బండినీ తోలేవాడు, అదిలించడు, తొందరపెట్టడు. వెనక ట్యాంకరులో నీళ్లు అటూ ఇటూ ఊగితే ఆ ఊపు తగ్గేదాకా కాలు కదపడు. గుంత వస్తే ముందు జీపు చక్రాలు దిగనిచ్చి, తర్వాత ట్యాంకరు చక్రాలు దిగుతున్న చప్పుడు విని, అప్పుడు మళ్లీ యాక్సిలరేటర్ తొక్కేవాడు. ఆయన తోలుతుంటే ఒక్క బొట్టు నీరు మూతలోంచి చిందేది కాదు. ఇంత పనితనం ఉన్న మనిషికి డీజిల్ అమ్ముకోవాల్సిన ఖర్మేంటి అని సవితకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

మిట్ట బ్లాకు దగ్గరికి వచ్చేసరికి కథ మారింది. ఒకప్పుడు వేరుశనగ బుడ్డలు వేసిన చేను, ఇప్పుడు నల్లటి సోలారు పలకలు పరిచిన మిట్ట. దారి ఏటవాలు, పైన వదులు మట్టి. కొల్లప్ప పెద్ద గేరు కడ్డీ పక్కనున్న చిన్న కడ్డీని వెనక్కి లాగి, నాలుగు చక్రాలకూ బలం అందేటట్టు చేసి, దాన్ని ఇంకా వెనక్కి, అన్నిటికంటే బరువు గేరులోకి లాగాడు. జీపు మూలిగింది. సగం మిట్ట దాటేసరికి పొగగొట్టం నుంచి కాటుక లాంటి నల్లటి పొగ లేచి వెనకున్న ఆడవాళ్ల మీద పడింది. బండి నిలబడిపోయింది.

"దిగండమ్మా, తొయ్యండి," అన్నది వెనకనుంచి అంజినమ్మ, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని. "డీజిల్ తాగేది బండి, సెమట కార్చేది మనం."

తోశారు. ఎక్కింది. కొన్ని వరసలు కడిగేసరికి డీజిల్ ముల్లు ఎర్రగీతకు దిగింది. సవిత పొద్దుట్నించీ ఆయన పక్కనే ఉంది. ఎక్కడా ఆపలేదు. ఎవరితోనూ మాట్లాడలేదు. మట్టిముద్ర చెక్కు చెదరలేదు. అంజినమ్మ వంగి ఆ ముద్రను చూసింది. చూసి సంతోషపడిందా? లేదు. జీపు కిందికి తొంగి చూసింది.

"కిందనుంచి డీజిల్ తీసే పైపు ఉంటాదంటనే," అన్నది పక్కనున్న ఆమెతో, అందరికీ వినబడేటట్టు.

అనుమానం పట్టినవాళ్లకు సాక్ష్యం దొరికినా దాని వెనక ఇంకో దొంగదారి కనబడుతుంది. సవితకు ఆ రోజు అర్థమైంది అదే. తను పక్కన కూర్చుని చూసిందని చెప్పినా, చిన్నమామను వెనకేసుకొస్తోంది అంటారు.

మధ్యాహ్నం ఆమె పావగడలోని మెకానిక్ ప్రశాంత్‌కుమార్‌కు ఫోన్ చేసింది. అతను ఏదో బండి కింద పడుకుని ఉన్నట్టుంది, సుత్తి చప్పుడు మధ్య మాటలు తెగి తెగి వినబడ్డాయి.

"నల్లపొగ వస్తాండాదా? ఎక్కేటప్పుడు దమ్ము ల్యాదా? గాలి సాలడం ల్యాదక్కా బండికి. గాలి! ఆదివారం తీసకరా, సూస్తా."

"గాలి సాలడం ల్యాదంట మామా," అన్నది సవిత.

కొల్లప్ప ముఖం విప్పారింది. "అట్ల సెప్పు! నేనేమో ఇంజనే పోయిందనుకుంటి."

సాయంత్రం ఇద్దరూ పంక్చరు అంగడికి పోయి జీపు టైర్లు నాలుగింటికీ, ట్యాంకరు టైర్లకూ, కొడితే డప్పు మోగినట్టు మోగేదాకా గాలి నింపించారు. అంగడివాడు ఇంక చాలన్నా కొల్లప్ప వినలేదు. ప్రతి టైరునూ కాలితో తన్ని చూసి, "ఇంగొంచెం పట్టు నాయనా," అన్నాడు. ఇంటికి వస్తూ కూనిరాగం కూడా తీశాడు.

శనివారం పొద్దున ఆ గాలి బండారం బయటపడింది. బిగుసుకుపోయిన టైర్లు వదులు మట్టి మీద పట్టు దొరక్క గిర్రున తిరిగాయి. మిట్టలో సగం దాకా కాదు, పాదం దగ్గరే జీపు అడ్డంగా జారి ఆగింది. మట్టి ఎగిరి ఆడవాళ్ల నెత్తిన పడింది. నవ్వులే నవ్వులు. ఒకామె అయితే వైపరు మీద వాలిపోయి నవ్వింది. కొల్లప్ప కూడా నవ్వబోయాడు.

"నవ్వండమ్మా, నవ్వండి," అన్నది అంజినమ్మ. "గాలి పట్టించినాడంట. డీజిల్ తక్కువైనకాడికి గాలితో నింపినాడు."

కొల్లప్ప నవ్వు పెదాల మీదే ఆగిపోయింది. ఆ పొద్దు ఆయన సద్ది విప్పలేదు. పలకల నీడలో కూర్చోకుండా, ఎండలో జీపు బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఒంట్లో బాగాలేని గొడ్డు పక్కన నిలబడినట్టు నిలబడ్డాడు.

ఆదివారం ఖాళీ ట్యాంకరును తగిలించుకుని ఇద్దరూ పావగడకు పోయారు. నిమ్మళంగా తారు రోడ్డు మీద పోతున్నా కొల్లప్ప చిన్న కడ్డీని నాలుగు చక్రాల మీదే ఉంచాడు. సవిత అడిగింది.

"తారు మీద అది వద్దని నాకూ తెలుసు తల్లీ," అన్నాడు. "తీసేస్తే లాగడం ల్యా. రెండు నెల్ల నుంచి ఇట్లనే ఈడుస్తాండా."

ప్రశాంత్‌కుమార్ షెడ్డు బస్టాండు వెనక సందులో ఉంది. అతను మాట్లాడకుండా ముందు ట్యాంకరు దగ్గరికి పోయాడు. ఒక్కో చక్రం నడిమధ్య ఇనుము మీద అరచేతి వెనక భాగం ఆనించి చూశాడు. పిల్లకు జ్వరం చూసినట్టు. ఒకదాని దగ్గర చెయ్యి చటుక్కున వెనక్కి తీశాడు.

"ఈ చక్రం గ్రీసు ల్యాక కాలిపోతాండాది. బ్రేకేసిన బండిని లాగినట్టు లాగుతాండారు ఇన్నాళ్లూ." జీపు టైర్లు తన్ని చూసి నోరు తెరిచాడు. "ఇదెవరు పట్టింది ఇంత గాలి?"

"నువ్వే గదప్పా అన్నావ్, గాలి సాలడం ల్యాదని," అన్నాడు కొల్లప్ప.

ప్రశాంత్‌కుమార్ కాసేపు ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, కిందనే కూలబడి నవ్వాడు. "టైరుకు కాదు మామా, ఇంజన్‌కు! ఇంజన్ పీల్చుకునే గాలి!" నవ్వు ఆపుకుంటూ బానెట్ ఎత్తాడు. ఎత్తగానే నవ్వు ఆగింది.

ఇంజన్ పక్కన గాలి పీల్చే గొట్టం మూతికి ఒక సంచి కట్టి ఉంది. ఎర్రగా, బిర్రుగా, పిడకలాగా గట్టిపడి ఉంది. ప్రశాంత్‌కుమార్ స్క్రూడ్రైవర్‌తో కొడితే టక్కుమంది.

"ఇదేంది?"

సవిత వంగి చూసింది. ఆ సంచి ఆమెకు తెలుసు. దసరా ఆయుధపూజ నాడు జీపుకు బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టాక, ఆడవాళ్లందరూ ముచ్చటపడి కుట్టిన సంచి అది. పలకలు తుడిచే మందపాటి గుడ్డ రెండు మడతలు వేసి, ఎర్రదారంతో అంజినమ్మే చుట్టూ కుట్టు వేసింది. దూడ మట్టి తినకుండా మూతికి చిక్కం కడతారు కదా, ఈ దుమ్ములో తిరిగే మన జీపుకూ కడదాం అన్నది ఎవరో. అందరూ ఒప్పుకున్నారు. పొద్దున్నే తడిపితే దుమ్ము దానికే అంటుకుని లోపలికి పోదు అన్నది ఇంకొకామె. కొల్లప్ప అప్పటినుంచి ఒక్క రోజూ మానకుండా, వాళ్లు రాకముందే చెంబెడు నీళ్లతో దాన్ని తడిపేవాడు. తడి మీద దుమ్ము, దుమ్ము మీద తడి. గోడకు మెత్తినట్టు మెత్తుకుంది.

"ఎవరు కట్టినారు మామా?" అన్నాడు ప్రశాంత్‌కుమార్.

"నేనే," అన్నాడు కొల్లప్ప వెంటనే. "మట్టి తినకుండా చిక్కం కట్టినా."

సవిత ఆయన వైపు చూసింది. ఆయన చూపు సంచి మీదే ఉంది. తన మీద దొంగముద్ర వేసిన ఆడవాళ్లను చూసి పట్టణంలో ఒక మెకానిక్ నవ్వకుండా కాపాడుతున్నాడు! ఆ క్షణాన సవితకు ఆయన కాళ్లకు దండం పెట్టాలనిపించింది. మనిషంటే ఇట్లా ఉండాలి.

"ఆయన కాదు," అన్నది. "మేం కుట్టినాం. మేమందరం."

"చిక్కమా?" ప్రశాంత్‌కుమార్ ఈసారి నవ్వలేదు. సంచిని తెంపి చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. "ఆలోచన బాగుండాదక్కా. కానీ దూడకు మూతికి కడతారు. మీరు ముక్కుకు కట్టినారు. బండికి డీజిల్ నోటి నుంచి పోతాది, గాలి ఈడినుంచి పోతాది. గాలి ల్యాకుంటే డీజిల్ కాలదు. కాలని డీజిలంతా ఆ నల్లపొగై పోయింది. ఎంత తొక్కితే అంత పొగ."

అంటే దొంగ దొరికాడు, ఆ నల్లపొగే. నెలల తరబడి అందరి కళ్లముందే, అందరి ముఖాల మీద పడుతూనే పారిపోతున్నాడు.

ఆ పగలంతా ముగ్గురూ పని చేశారు. లోపలి ఫిల్టరు కూడా పాడైంది, కొత్తది వేశారు. డీజిల్ ఫిల్టరు మార్చారు. ట్యాంకరు చక్రం విప్పి బేరింగు కడిగి గ్రీసు పెట్టారు. కొల్లప్ప వేలితో గ్రీసు తీసి ఒక్కో గుండు చుట్టూ రాస్తుంటే ప్రశాంత్‌కుమార్ పని ఆపి చూశాడు. జీపు టైర్లలో గాలి తగ్గించి, ట్యాంకరుకు మాత్రం నిండుగా ఉంచారు. తిరిగి వచ్చేటప్పుడు కొల్లప్ప తారు రోడ్డు మీద చిన్న కడ్డీని ముందుకు తోసేశాడు. జీపు రెండు చక్రాల మీదే సాఫీగా సాగిపోయింది. పొగలేదు. ఇంజన్ చప్పుడు కూడా మారింది, రొంప తగ్గిన మనిషి గొంతులాగా.

సోమవారం పొద్దున నందీశ్ కూడా వచ్చాడు. సవిత ఆడవాళ్లందరినీ నిలబెట్టి ఎండిన సంచిని వాళ్ల ముందు నేల మీద పడేసింది. దానికి పట్టిన మట్టి పగిలి ముక్కలైంది. గుడ్డా, ఎర్రదారం కుట్టూ బయటపడ్డాయి.

"మనం కుట్టిన చిక్కం," అన్నది. "డీజిల్ తినిందీ ఇదే, మిట్ట ఎక్కనీయకుండా సేసిందీ ఇదే. మామను మెకానిక్ అడిగితే నేనే కట్టినా అన్నాడు. మన పేరు సెప్పలే."

అంజినమ్మ ఆ దారం వంకే చూస్తోంది. తన కుట్టును తను గుర్తుపట్టింది.

"అంజినమ్మా," అన్నాడు కొల్లప్ప. "ఈపొద్దు గూడా మూతకు సీలు ఎయ్యి."

"వద్దులే అన్నా..."

"ఎయ్యమంటాండా గదా. కిందికి గూడా సూడు, పైపు ఏమన్నా ఉండాదేమో."

ఆయన గొంతు పెంచలేదు. అంజినమ్మ దారం చుట్టి మట్టి అద్దింది.

మిట్ట పాదం దగ్గర కొల్లప్ప చిన్న కడ్డీ లాగాడు. ఈసారి నాలుగు చక్రాల వరకే, బరువు గేరు దాకా పోలేదు. నిండు ట్యాంకరు. కాలు అదే పాత నిదానంతో కిందికి దిగింది. టైర్లు మట్టిని నొక్కిపట్టుకుని పైకి పాకాయి. పొగగొట్టం దగ్గర కంటికి కనబడీ కనబడని బూడిదరంగు ఆవిరి. ఆడవాళ్లు తోయడానికి చేతులు చాచి వెనక నిలబడ్డారు కానీ, వాళ్లు అందుకునేలోపే ట్యాంకరు ముందుకు వెళ్లిపోయింది. ఒకామె ఖాళీ చేతులతో రెండడుగులు పరుగెత్తి నవ్వింది. మిట్ట మీద జీపు ఆగినప్పుడు ట్యాంకరు మూతలోంచి ఒక్క బొట్టు చిందలేదు.

మధ్యాహ్నం పని అయ్యేసరికి డీజిల్ ముల్లు సగం మీదే నిలబడి ఉంది. నందీశ్ తనే వంగి ముల్లును చూసి, ఫోన్ తీసి ట్రాక్టర్ వద్దని చెప్పాడు. "మామా, మీదే బండి, మీరే డ్రైవరు," అన్నాడు. నిజంగానే సంతోషించాడు.

కొల్లప్ప జీపు దిగి తాళం తీసి సవిత చేతిలో పెట్టాడు.

"బండి బాగుండాది. ఇంగెవరైనా తోల్తారు."

సవితకు అర్థం కాలేదు. "ఏంది మామా? అంతా సరిపోయింది గదా."

"ఏం సరిపోయింది? పొగ దొరికింది కాబట్టి నేను దొంగను కాలే. అది దొరక్కుండా పోయింటే?" చుట్టూ ఉన్న ఆడవాళ్లను చూశాడు. కోపం లేదు ఆ చూపులో, అదే వాళ్లకు కష్టమైంది. "పాత బండి. రేపు ఇంగోటి సెడతాది. అప్పుడు మళ్ల నేనే గదా."

ఆయన అన్నదాంట్లో తప్పేముంది? బండి పొగ పోయింది, ఆయన మీద పడిన మసి అట్లాగే ఉంది. నందీశ్ తలవంచుకున్నాడు. సవిత చేతిలో తాళం వేడిగా ఉంది. కొల్లప్ప తువ్వాలు భుజాన వేసుకుని నాలుగడుగులు నడిచాడు కూడా.

"నాకు నేర్పించి పో అన్నా," అన్నది అంజినమ్మ.

కొల్లప్ప ఆగాడు.

"నేను తోల్తా. మాటలన్నది నేను. మళ్ల ఏదన్నా సెడితే నన్ను అడగనీ, డీజిల్ ఏం సేసినావని. నువ్వు పక్కన కూసో, అంతే."

"నీకు సైకిల్ గూడా రాదు గదమ్మా."

"రాదు. నేర్పించు."

ఎవరూ నమ్మలేదు. కానీ ఆ వారమంతా, ఆమె నేర్చుకునేదాకా అని, పగలు నీళ్లు కొల్లప్పే తోలాడు; పని అయ్యాక ఇంటికి పోలేదు. కంచె పక్కన చదును నేల మీద, ట్యాంకరు విప్పేసి, అంజినమ్మను సీట్లో కూర్చోబెట్టాడు. ఆమె చీర కుచ్చెళ్లు బొడ్లో దోపుకుని, చెప్పులు విడిచి, వట్టి కాళ్లతో పెడళ్లు తొక్కేది. జీపు కప్పలాగా గెంతేది. ఆయన మాత్రం అరవలేదు. ఇంజన్ చప్పుడు వినమనేవాడు. ఏడుస్తాందా, మూలుగుతాందా, నవ్వుతాందా అని అడిగేవాడు. అంజినమ్మ చెవి ఒగ్గి వినేది. బండి చెప్పేది వినాలంటే తన నోరు మూసుకోవాలని ఆమె అప్పుడే నేర్చుకుంది.

తర్వాత ఖాళీ ట్యాంకరుతో కూడా నేర్చుకున్నాక, శనివారం పొద్దున నిండు ట్యాంకరు తగిలించారు. స్టీరింగు అంజినమ్మ పట్టింది, కొల్లప్ప పక్కన కూర్చున్నాడు. మిట్ట సగంలో ఇంజన్ ఆగిపోయింది. వెనక అంత నీళ్ల బరువు. జీపు ఒక జానెడు వెనక్కి జారింది. వెనకాల నడుస్తున్న ఆడవాళ్లు కెవ్వుమని పక్కలకు పోయారు. సవిత రాయి తీసుకుని పరుగెత్తి చక్రం కింద పెట్టింది.

"నాకు సేత కాదన్నా! నువ్వు రా!" అంజినమ్మ అరిచింది.

కొల్లప్ప చేతులు మోకాళ్ల మీదే ఉన్నాయి. స్టీరింగు వైపు కదలలేదు. "బ్రేకు మీద కాలు ఉండాది గదా. బండి యాడికీ పోదు. నువ్వు ముందు ఊపిరి పీల్చు."

ఆమె పీల్చింది. తాళం తిప్పింది. చిన్న కడ్డీని తనే చూసుకుని సరిచేసింది. ఎడమకాలు మెల్లగా, మెల్లగా వదిలింది. జీపు వణికింది, మట్టిని పట్టుకుంది, కదిలింది. ఆడవాళ్లు వెనకే నడిచారు. ఒక్కరు కూడా తోయలేదు. పైకి చేరేసరికి అంజినమ్మ రవిక చెమటతో తడిసి వీపుకు అంటుకుపోయింది.

ఆమె దిగలేదు. డీజిల్ ముల్లు వంక చూస్తూ కూర్చుంది. ఎక్కేటప్పుడు ఎంత తొక్కిందో తనకే తెలియదు.

"అన్నా, ఎంత తాగింటాది?" అని అడిగింది, భయం భయంగా.

"నాకెట్ల తెలుస్తాది?" అన్నాడు కొల్లప్ప. "తోలింది నువ్వు గదా."

ఆడవాళ్లు గొల్లున నవ్వారు. అంజినమ్మ నవ్వలేదు. స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చింది, భుజాలు కదిలేటట్టు. "తప్పయిందన్నా," అన్నది. "ఈ సీట్లో కూసుంటే గాని తెలీలే."

కొల్లప్ప చెయ్యి చాచాడు, తాళం కోసం. అంజినమ్మ కొంగుతో తుడిచి మరీ ఆయన చేతిలో పెట్టింది.

"దిగమ్మా," అన్నాడు. "పలకలు కాలేలోపు నీళ్లు పట్టల్ల."

సవిత ట్యాంకరు కొళాయి తిప్పింది. పైపులో నీళ్లు బుసబుసమంటూ వచ్చాయి, ఆడవాళ్లు వైపర్లు ఎత్తుకుని వరసల మధ్యకు నడిచారు.